రత్నచికిత్స: నెల్లూరు తీరము

రత్నములను ఒంటిపై ధరించుటవలనగాని, వానిని శోధించి నూఱి భస్మముగను పిష్టిగను సేవించుటవలనగాని రోగము తగ్గునను విశ్వాసముపై నిలిచిన వైద్యవిధానమునకు రత్నచికిత్స యని పేరు. ఆయుర్వేదమున ఇది రసశాస్త్రముతోను, జ్యోతిషమున గ్రహశాంతితోను, యునానీ వైద్యమున జవాహిరాత్తులతో చేయు లేహ్యములతోను పెనవేసికొని పెరిగినది. ఈ మూడు మార్గములును కలిసికొనిన తావులలో నెల్లూరు తీరమొకటి. ఉత్తరమున మోటుపల్లి మొదలుకొని కృష్ణపట్టణము, దుగరాజపట్టణము మీదుగా దక్షిణమున పులికాటు వఱకు వ్యాపించిన ఈ తీరరేఖకు తూర్పున ముత్యమును పవడమును కెంపును ఓడలనుండి దించుకొనిన రేవులును, పడమట అభ్రకమును గర్భమున దాచుకొనిన గూడూరు, రాపూరు, పొదలకూరు నేలలును ఉండుటచే, ఇచ్చటి వైద్యునకు శాస్త్రమున చెప్పిన ఖనిజములలో పెక్కింటిని ఎఱిగియుండుటకు అవకాశము కలిగినది. అయితే రత్నమను పేరుతో వైద్యుని కల్వమున పడిన వస్తువులన్నియు ఒక్క జాతివి కావు. కొన్ని కడుపులో కరగునవి, కొన్ని ఎన్నడును కరగనివి. ఈ భేదమును పట్టుకొన్నగాని ఈ చికిత్సాసంప్రదాయమున నిజమెంత, నమ్మకమెంత యన్నది తేలదు.

రేవులు, వర్తకము

నెల్లూరి సమీపమున ఒక రైతు నాగటిచాలున 18వ శతాబ్ది చివర రోమను బంగారు నాణెములు బయల్పడినవి. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవియు, రాణి ఫాస్టినా ముద్రగలవియు అందుండినవి. రోమకులు మన దేశమునుండి ముత్యములను, రత్నములను, సన్నని వస్త్రములను కొని, బంగారముతోడను పవడముతోడను వెల చెల్లించుచుండిరి. భారతీయుల ముత్యమును రోమకులెట్లు మెచ్చుకొందురో రోమకుల పవడమును భారతీయులట్లే మెచ్చుకొందురనియు, పవడమును ధరించినవానికి ఆపదలు రావని భారతదేశపు జోస్యులు నమ్ముదురనియు మొదటి శతాబ్దికి చెందిన రోమను రచయిత ప్లినీ వ్రాసియున్నాడు. దీనినిబట్టి పవడమునకు రక్షకగుణమును అంటగట్టుట మన దేశమున సుమారు రెండువేల యేండ్లనాటి ఆచారమని తెలియుచున్నది.

మధ్యయుగమున ఈ వర్తకమునకు తిరుగులేని సాక్ష్యము మోటుపల్లి అభయశాసనము. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన ఈ శాసనమున, తుపానులో చిక్కి ఒడ్డునపడిన ఓడల సరకును పూర్వరాజులవలె తాను హరింపననియు, న్యాయమైన సుంకముమాత్రమే గైకొందుననియు విదేశవర్తకులకు అభయమిచ్చెను. సుంకము విధింపబడిన సరకుల పట్టికలో గంధము, కర్పూరము, పన్నీరు, దంతము, జవ్వాజి, రాగి, సీసము, పట్టునూలు, మిరియములతోపాటు ముత్యములును పవడములును కానవచ్చును. ఈ పట్టికను వైద్యుని కంటితో చదివినచో మఱియొక సంగతి పొడకట్టును: ఇందు పేర్కొన్న వస్తువులలో సగమునకు పైగా ఔషధద్రవ్యములు. ముత్యపు పిష్టిని నూఱుటకు పన్నీరును, దానికి వాసన కట్టుటకు కర్పూరమును, ముత్యమును ఒకే రేవున దిగినవి. అదే శతాబ్ది చివర మార్కోపోలో ఈ రేవును ముట్‌ఫిలి యని పేర్కొని, ఇచ్చటి వజ్రములను గూర్చియు, రాజ్యమేలిన రాణిని గూర్చియు వ్రాసెను.

దక్షిణపు కొన నున్న పులికాటు 16వ శతాబ్ది ప్రారంభమున పెగూ కెంపులకు అంగడి. అచ్చట కెంపులును కస్తూరియు బేరమెఱిగినవారికి చౌకగా దొరకునని పోర్చుగీసు యాత్రికుడు బార్బోసా చెప్పినాడు. ఆ వెనుక డచ్చివారు పులికాటున కోట కట్టుకొనిరి. ఆంగ్లేయులు 1626 ప్రాంతమున దుగరాజపట్టణమున, తాము ఆర్మగాన్ అని పిలిచిన చోట, వర్తకస్థానము నెలకొల్పి, కొలది యేండ్లకే మద్రాసునకు తరలిపోయిరి. రత్నముల బేరమును వారివెంట మద్రాసునకు తరలినది. ఇటలీ దేశపు లివోర్నో రేవునుండి యూదువర్తకులు పవడములను మద్రాసునకు పంపి, మాఱుగా కృష్ణాతీరపు గనుల వజ్రములను తెప్పించుకొనుట 17, 18 శతాబ్దులలో పెద్ద వ్యాపారము. మద్రాసు జార్జిటౌనున కోరల్ మర్చెంట్ వీధి యని నేటికిని ఆ పవడపు వర్తకుల పేరుతో ఒక వీధి కలదు.

గ్రంథములలో రత్నము

చరకుడు శ్వాసరోగమునకును ఎక్కిళ్ళకును చెప్పిన ముక్తాద్యచూర్ణమున ముత్యము, పవడము, వైడూర్యము, శంఖము, స్ఫటికము మొదలగునవి చేరియున్నవి. దానిని తేనెతోను నేతితోను నాకవలెను. విషచికిత్సాప్రకరణమున ఆయనయే వజ్రము, మరకతము, వైడూర్యము మున్నగువానిని ధరింపుమని చెప్పెను. సుశ్రుతుడు ముత్యము, పవడము, వజ్రము, వైడూర్యము, స్ఫటికము మొదలైనవి చలువచేయుననియు, కంటికి మంచివనియు, విషహరములనియు, ధరింపదగినవనియు ఒక్కచోటనే చెప్పినాడు. తినుటయు తొడుగుకొనుటయు ప్రాచీనులకు రెండు వేర్వేరు వైద్యములు కావని ఈ వాక్యములవలన తెలియును. వరాహమిహిరుని బృహత్సంహితయు, బుద్ధభట్టుని రత్నపరీక్షయు, గరుడపురాణమును రత్నముల జన్మస్థానములను, జాతులను, దోషములను విస్తరించినవి. ఇవి వైద్యునికంటె వర్తకునికిని రాజునకును ఎక్కువ పనికివచ్చు గ్రంథములు.

రత్నములను క్రమబద్ధముగా ఔషధములుగా మార్చు విధానము రసశాస్త్రముతో వచ్చినది. 13వ శతాబ్దికి చెందినదిగా ఎంచబడు రసరత్నసముచ్చయము నవరత్నములను గ్రహములవరుసలోనే పేర్కొని, ఒక్కొక్కదానికి ఒక్కొక్క శోధనద్రవ్యమును విధించినది. కెంపునకు పులుసురసములు, ముత్యమునకు జయంతీపత్రరసము, పవడమునకు క్షారములు, పచ్చకు ఆవుపాలు, వైడూర్యమునకు త్రిఫలాకషాయము, నీలమునకు నీలిమొక్క రసము చెప్పబడినవి. రత్నమును గుడ్డలో మూటగట్టి, ద్రవము నింపిన కుండలో అడుగునకు తగులకుండ వ్రేలాడదీసి ఉడికించు ఈ ప్రక్రియకు దోలాయంత్రమని పేరు. శోధనమైన పిమ్మట వజ్రముతప్ప తక్కినవానిని మణిశిల, గంధకము, హరిదళములతో లకుచరసమున నూఱి, బిళ్ళలుచేసి, మూకుళ్ళ నడుమ ఉంచి, శీలమన్నుచేసి, పిడకల మంటలో ఎనిమిది పుటములు వేయవలెనని విధి. భస్మము నీటిపై తేలవలెను, వ్రేళ్ళ నడుమ రుద్దిన రేఖలలో ఇంకవలెను. ఈ పరీక్షలు గెలువనిదానిని రోగికి ఈయరాదని శాస్త్రము శాసించినది. సూక్ష్మదర్శినులు లేని కాలమున రేణుపరిమాణమును వ్రేళ్ళతోను నీటితోను కొలిచిన ఆ వైద్యుల పరిశీలనము మిక్కిలి గౌరవింపదగినది.

తెలుగు వైద్యులు ఈ విద్యను సంస్కృతగ్రంథములనుండి మాత్రమే గాక బసవరాజీయమునుండియు నేర్చిరి. కొట్టూరు బసవరాజు రచించిన ఈ గ్రంథము సంస్కృతశ్లోకములతో తెలుగును కలుపుకొని, తెలుగునాట వైద్యకుటుంబములందు తరతరములుగా పాఠ్యమైనది. నెల్లూరు జిల్లా 1953 వఱకు మద్రాసు రాష్ట్రమున నుండుటచే ఇచ్చటి వైద్యుల చూపు సహజముగనే మద్రాసుపై నుండెను. దేశీయవైద్యములను విచారించి 1923లో నివేదిక సమర్పించిన ఉస్మాను సంఘము తెలుగు వైద్యుల వాఙ్మూలములనుగూడ సేకరించినది. ఆ విచారణఫలముగా 1925లో మద్రాసున భారతీయవైద్య పాఠశాల వెలసినది. 1944లో అదే నగరమున వైద్యులు సహకారపద్ధతిని ఇంప్‌కాప్స్ సంస్థను స్థాపించి, ఒక్కొక్క వైద్యుడు తన పెరటిలో వేసికొను పుటములకు మాఱుగా ఒక నిర్ణీతయోగపట్టిక ప్రకారము భస్మములు తయారుచేయ సాగిరి. పులికాటుకు దక్షిణమున సిద్ధవైద్యులు వాడు ముత్తు పర్పము, పవళ పర్పము ఈ భస్మములకు తోబుట్టువులే.

ముత్యము, పవడము, ఆలిచిప్ప

నవరత్నములలో ఔషధముగా నిత్యము వాడుకలో నున్నవి ముత్యము, పవడము ఈ రెండే. తక్కినవి గ్రంథములందును, సంపన్నుల కోసము చేసిన యోగములందును మాత్రము కానవచ్చును. ముత్యపు భస్మమును పిష్టిని ఆమ్లపిత్తమునకు, కడుపులో మంటకు, రక్తపిత్తమునకు, గుండెదడకు, కండ్లమంటకు ఇచ్చుట వాడుక. మోతాదు గురిగింజ ఎత్తు, రెండు గురిగింజల ఎత్తు. అనుపానము తేనెయో, పాలో, వెన్నయో. పిష్టికి మంటతో పని లేదు. శోధించిన ముత్యమును పన్నీరుతో దినములకొలది నూఱి నీడను ఆరబెట్టుటయే. పవడమును దగ్గునకును క్షయమునకును ఇత్తురు. మధుమేహమునకు తెలుగునాట విరివిగా వాడబడిన వసంతకుసుమాకరమున స్వర్ణము, రజతము, వంగము, నాగము, లోహము, అభ్రకములతోపాటు ముత్యమును పవడమును చేరును. యునానీ హకీములు ముత్యమును ఖమీరా మర్వారీద్ అను లేహ్యముగను, పవడమును కుష్తాగను ఇచ్చి, ఇవి హృదయమునకును మెదడునకును బలకరములందురు.

ఈ రెంటి ప్రాధాన్యమునకు కారణము వాని పుట్టుకలోనే ఉన్నది. కెంపు, నీలము అల్యూమినియము ఆక్సైడులు, వజ్రము శుద్ధాంగారము, పచ్చ బెరిలియము కలిసిన శిలాద్రవ్యము. ఇవి భూగర్భమున వేడికిని ఒత్తిడికిని పుట్టినవి; జఠరరసమున కరగవు. ముత్యమును పవడమును సముద్రజీవులు కట్టినవి. ప్రధానముగా కాల్షియము కార్బొనేటు. ఆమ్లము తగిలినతోడనే ఇది కరగి, ఆమ్లమును చల్లార్చును. కావున కడుపుమంటకు ముత్యపు పొడి పనిచేయుననుటలో వింతలేదు. నేడు మందులషాపులలో దొరకు కొన్ని ఆమ్లహరపు బిళ్ళలలోని ద్రవ్యమును ఇదియే. మన పూర్వులు దీనిని చలువ యని వర్ణించిరి. పదము వేఱైనను అనుభవము నిక్కమైనది.

కాని ఈ ద్రవ్యముకొఱకు ముత్యమే కావలెనా? ఈ ప్రశ్నకు శాస్త్రమే సమాధానము చెప్పినది. ముత్యము దొరకనిచో ముత్యపుచిప్పను వాడుమని భావప్రకాశమున ప్రతినిధిద్రవ్యముల ప్రకరణము అనుమతించినది. ముక్తాశుక్తి, శంఖము, గవ్వ వీని భస్మములు ముత్యపు భస్మమునకు పేదచెల్లెండ్రు. మంచి ముత్యములు పుట్టు పారులు నెల్లూరు తీరమున లేవు. అవి దక్షిణమున మన్నారు సింధుశాఖలోనివి. కాని మైపాడు, కోడూరు, ఇసకపల్లి ఒడ్డులందు ఆలిచిప్పలకును గవ్వలకును కొదువ లేదు. పులికాటు సరస్సు అడుగున నిక్షేపములుగా పడియున్న గుల్లలను త్రవ్వి కాల్చి సున్నము చేయుట ఈ ప్రాంతమున పాతవృత్తి. ఆ గుల్లసున్నపు నీటిపై తేలిన తేటను పసిపిల్లల అజీర్తికి చెంచాతో పట్టుట, శంఖమును సానపై అరగదీసి మొటిమలకును కురుపులకును పట్టువేయుట పల్లెలలో పెద్దలెఱిగిన వైద్యములు. రాజు పన్నీటితో నూఱిన ముత్యమును తిన్నను, జాలరులైన పట్టపువారి యింటి బిడ్డ సున్నపుతేట త్రాగినను, కడుపులోని పులుపును విఱిచినది ఒక్క సున్నపు జాతియే. రత్నచికిత్సలో నిక్కముగా ఫలించిన భాగము ధనికునకు ఎంత అందినదో పేదకును అంత అందినది. ఈ తీరమును గూర్చి చెప్పవలసిన ముఖ్యవిషయము ఇదియే.

అభ్రకము

రసశాస్త్రమున అభ్రకము రత్నము కాదు, మహారసములలోనిది. అయినను నెల్లూరును గూర్చి వ్రాయుచు దీనిని విడుచుట అన్యాయము. కాకిబంగారమని జనులు పిలుచు ఈ ఖనిజము గూడూరు, సైదాపురము, రాపూరు ప్రాంతముల పెగ్మటైటు శిలలలో పలకలు పలకలుగా దొరకును. 19వ శతాబ్ది చివరినుండి విదేశములకు ఎగుమతి యగుచు వచ్చినది. ఆకుపచ్చని చాయ నెల్లూరు అభ్రకమునకు గుర్తు. అభ్రకముతోపాటు ఈ శిలలలో బెరిల్, తామ్రవర్ణపు గార్నెట్, స్ఫటికము, నల్లని టూర్మలిన్ గూడ దొరకును. ఇచ్చటి బెరిల్ చాలవఱకు మసకబారినది. ఆభరణమునకు పనికిరాదు, కాని బెరిలియమునకు ముడిఖనిజము.

గ్రంథములు అభ్రకమును పినాకము, దర్దురము, నాగము, వజ్రము అని నాలుగు తెగలుగా విభజించి, నిప్పులో వేసినను చలింపని నల్లని వజ్రాభ్రకమునే మందునకు గ్రహింపుమన్నవి. దానిని ఎఱ్ఱగా కాల్చి ఆవుపాలలోనో త్రిఫలాకషాయములోనో ముంచి, వడ్లతో కలిపి కంబళిలో మూటగట్టి, కలిలో మూడుదినములు నానబెట్టి పిసికిన, నూలుపోగువలె సన్నని రేణువులు కంబళి కన్నములనుండి దిగును. దీనికి ధాన్యాభ్రకమని పేరు. తరువాత జిల్లేడు పాలు మొదలగువానితో నూఱి పుటములు వేయుదురు. శతపుటి, సహస్రపుటి యను పేర్లు పుటముల సంఖ్యనుబట్టి వచ్చినవి. భస్మమున తళుకు లేశమైనను మిగులరాదు. ఉబ్బసము, క్షయ, పాండురోగములకు అభ్రకభస్మమును తెలుగు వైద్యులు చిరకాలముగా వాడిరి. ఊపిరితిత్తులకు మందని పేరొందిన ఈ ఖనిజమును త్రవ్వు గనులలోనే, శిలాధూళిని యేండ్లకొలది పీల్చిన కూలివాండ్ర ఊపిరితిత్తులు చెడు ప్రమాదమున్నది. వైద్యగ్రంథములను పొగడునపుడు ఆ కూలివానిని మఱచుట తగదు.

ధారణము

రవికి కెంపు, చంద్రునకు ముత్యము, కుజునకు పవడము, బుధునకు పచ్చ, గురునకు పుష్యరాగము, శుక్రునకు వజ్రము, శనికి నీలము, రాహువునకు గోమేధికము, కేతువునకు వైడూర్యము. ఈ పట్టిక తెలుగువారందఱకు పరిచితమే. గ్రహమునకు ధాతువును, ధాతువునకు రోగమును ముడివెట్టి, కుజదోషముచేత రక్తవికారమనియు, చంద్రబలహీనతచేత మనోవ్యాధి యనియు నిర్ణయించి, తగిన రాయిని ఉంగరమున పొదిగి, చర్మమును తగులునట్లు అడుగు తెఱచి చేయింతురు. ఏలినాటి శనిలో నీలమును తొడుగుటకు ముందు కొన్ని దినములు తలగడక్రింద నుంచి పరీక్షించుట, ఆ రాయి కొందఱికే అచ్చివచ్చునని భయపడుట సర్వత్ర కలదు. మంగళసూత్రమున నల్లపూసలతో ముత్యమును పవడమును గ్రుచ్చుట, పసిబిడ్డల మెడలోనో మొలత్రాటనో పవడపు పూస కట్టుట ఈ నమ్మకమునకే సౌమ్యరూపములు. ముస్లిములలో అకీకు రాతిని వెండియుంగరమున ధరించుటను కొందఱు ప్రవక్త ఆచారముగా భావింతురు.

ఈ తీరమునకు ప్రాచీనవాసులైన యానాదుల వైద్యమున రత్నమునకు చోటులేదు. శ్రీహరికోట అడవులలోను పులికాటు ఒడ్డులలోను బ్రతికిన ఆ జనుల మందులు వేళ్ళును, ఆకులును, బెరడులును. పాముకాటునకు విషపురాయి అంటించుట దక్షిణాదిని పెక్కుచోట్ల కలదు. ఆ రాయి రత్నమును కాదు, రాయియు కాదు. పెక్కుమాఱులు అది కాల్చిన ఎముకముక్క. అది విషమును పీల్చదు. పాముకాటునకు ఆస్పత్రిలో నిచ్చు ప్రతివిషము తప్ప వేఱు శరణ్యము లేదు.

గుణదోష విచారణ

రాయిని వ్రేలికి తొడిగినందున రోగము తగ్గుననుటకు పరీక్షకు నిలిచిన ఆధారమేదియు లేదు. ధైర్యమిచ్చునందురు, ధైర్యమొక మేలే. ఆ ధైర్యము రోగిని వైద్యుని కడకు పోనీయక ఆపినపుడు అది ప్రాణాంతకమగును. 1954లో పార్లమెంటు చేసిన మందులు, ఇంద్రజాలచికిత్సల ప్రకటనల నిరోధచట్టము తాయెత్తు, మంత్రము, కవచము మొదలైన రక్షలవలన రోగము మానునని ప్రకటించుటను నేరముగా నిర్ణయించినది. రోగము మాన్పునని చాటి రాళ్ళనమ్ముటకును ఇది వర్తించునని మా నిశ్చితాభిప్రాయము. అయినను పత్రికలలోను టెలివిజనులోను అట్టి ప్రకటనలు ఆగలేదు.

భస్మముల విషయము వేఱు. మణిశిలయు హరిదళమును పాషాణపు (ఆర్సెనిక్) సమ్మేళనములు. వానితో పుటమువేసిన రత్నభస్మమున పాషాణము మిగులునా మిగులదా యన్నది పుటపాకము సరిగా జరుగుటపై ఆధారపడును. దీనిని వ్రేళ్ళతో రుద్ది తెలిసికొన వీలుకాదు, ప్రయోగశాలలో తేల్చవలసినదే. 2004లో అమెరికా వైద్యపత్రిక జామాలో ప్రకటితమైన పరిశీలన బోస్టను ప్రాంతమున అమ్మబడుచుండిన 70 ఆయుర్వేద ఔషధములలో 14 యందు సీసము, పాదరసము, పాషాణములలో ఏదో యొకటి ఉన్నట్లు కనుగొన్నది. ముత్యపు పిష్టియు శంఖభస్మమును ఈ యగ్నిపరీక్షకు గుఱికానక్కఱలేదు, అవి పాషాణముతో తయారగునవి కావు; అయినను మూత్రపిండములలో రాళ్ళున్నవారు కాల్షియమును ఇష్టమువచ్చినట్లు తినరాదు. కెంపు, నీలము, పచ్చ భస్మములకు గ్రంథములు చెప్పిన గుణములను రుజువుచేయు చికిత్సాపరీక్షలు జరుగవలసియేయున్నవి. అవి జరుగునంతవఱకు వానిని చరిత్రగా చదువుకొనుట మేలు, మందుగా మ్రింగుట మేలు కాదు.

ఈ తీరపు వైద్యకుటుంబముల యిండ్లలో అటకలపై ఇంకను తాటియాకు గ్రంథములు ఉండవచ్చును. వానియందు ఏ చిప్పను ఏ యాకురసముతో నూఱిరో, ఏ రోగికి ఎంత తూకమిచ్చిరో వ్రాసియుండును. అచ్చుపుస్తకములలో కానరాని స్థానికానుభవము అదియే. చెదపురుగుల పాలుకాకముందే వానిని తిరుపతి శ్రీ వేంకటేశ్వర ప్రాచ్యపరిశోధనాలయమునకో, మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునకో చేర్చి, కనీసము ఛాయాప్రతులనైనను తీయనిండని ఆ కుటుంబములవారిని వేడుచున్నాము.